నేలకి యజమాని పేరు రాశాక

భాషని బట్టి రాష్ట్రాలిస్తే దేశం చివరికి ఏమవుతుందో తెలియాలంటే ఇథియోపియా వైపు ఒక్కసారి చూడండి అని ఈమధ్య ఒక సభలో విన్నాను. అన్నవారు నోటికొచ్చింది మాట్లాడే మనిషి కాదు. మన దగ్గర్నుంచి ఇథియోపియా యూనివర్సిటీలకి పాఠాలు చెప్పడానికి వెళ్లిన తెలుగు లెక్చరర్లు చాలామంది ఉన్నారు, ఆయనా వారిలో ఒకరు. ఉత్తరాన టిగ్రాయ్ రాష్ట్రంలోని మెకెలెలో కొన్నేళ్లు పనిచేసి, 2020లో అక్కడ కేంద్రానికీ రాష్ట్రానికీ యుద్ధం మొదలయ్యేలోపే తిరిగొచ్చేశారు. తన క్లాసులో కూర్చున్న పిల్లల్లో ఎవరు బతికున్నారో ఎవరు పోయారో ఇప్పటికీ తెలియని మనిషి ఆ మాట అంటుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తప్పు, అది కూడా ప్రమాదకరమైన తప్పు అని నా నమ్మకం.

నేననేది ఇదీ. జాతుల్ని, భాషల్ని గుర్తించినందుకు ఇథియోపియా ఈ స్థితికి రాలేదు. ఫలానా నేల ఫలానా జాతిది అని రాసిపెట్టారు. అదే నేల మీద తరాలుగా బతుకుతున్న మిగతావాళ్లని పరాయివాళ్లని చేశారు. గీసిన హద్దుల్ని కాపలా కాసుకోమని రాష్ట్రాల చేతికి తుపాకులు వెళ్లాయి. హద్దు తగాదా వస్తే ఇద్దరూ నమ్మి ఎదుట కూర్చోగలిగే పెద్దమనిషి మాత్రం ఎక్కడా లేకుండా పోయాడు.

ఐక్యత పేరుతో పోగొట్టుకున్నది

జాతుల వారీగా రాష్ట్రాలిచ్చిన ఇథియోపియా 1995 రాజ్యాంగాన్ని తిట్టేవాళ్లంతా ముందు 39వ అధికరణం ఎత్తుతారు. ప్రతి జాతికీ విడిపోయే హక్కుతో సహా స్వయంనిర్ణయ హక్కు ఉందని చెప్పే అధికరణం అది. దేశం విడిపోవడానికి దారి రాజ్యాంగంలోనే రాసిపెట్టుకున్నారు చూడండి అంటారు. చదివితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ ఈ ముప్పై ఏళ్లలో ఆ హక్కు వాడుకుని ఇథియోపియా నుంచి విడిపోయిన రాష్ట్రం ఒక్కటీ లేదు. విడిపోయింది ఎరిట్రియా ఒక్కటే, అదీ 1993లో, అంటే ఈ రాజ్యాంగం పుట్టకముందే.

అది ఎలా విడిపోయిందో చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. 1952లో ఐక్యరాజ్యసమితి నిర్ణయంతో ఎరిట్రియా తన సొంత అసెంబ్లీ, సొంత జెండా ఉంచుకుని ఇథియోపియాతో ఫెడరేషన్‌గా కలిసింది. చక్రవర్తి హైలే సెలాసీ ఆ ఏర్పాటుని పదేళ్లపాటు కొద్దికొద్దిగా కొరికి 1962లో పూర్తిగా రద్దు చేసి, మామూలు ప్రావిన్సుల్లో ఒకటిగా కలిపేసుకున్నాడు. అప్పటికే మొదలైన సాయుధ పోరాటం 1991 దాకా, ముప్పై ఏళ్లు నడిచింది. దేశమంతా ఒక్కటే, దీనికి వేరే ఏర్పాటెందుకు అన్న చోటే దేశం విరిగింది, సముద్రం పోయింది.

ఒరోమోల సంగతి తీసుకోండి. దేశంలో అందరికన్నా పెద్ద జాతి వాళ్లే, 2007 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైనే. చక్రవర్తి కాలంలో వాళ్ల పిల్లలు బడికెళ్తే చదువు ఇంకో పెద్ద జాతి అమ్హారాల భాష అమ్హారిక్‌లోనే. కోర్టుకెళ్తే, జడ్జికి ఒరోమో వచ్చినా సరే, వాంగ్మూలం అమ్హారిక్‌లో ఇవ్వాలి, రాకపోతే దుబాసీ కావాలి. తన పొలం తగాదాలో తన మాట తన నోటితో చెప్పుకోలేని రైతుకి మనమంతా ఒకటే అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. 1974లో రాజు పోయి మిలిటరీ ప్రభుత్వం, అదే దెర్గ్, వచ్చాక వినిపించిన నినాదం ‘ఇథియోపియా తిక్‌దెమ్’, ఇథియోపియాయే ముందు అని. ఆ ప్రభుత్వమే 1977, 78ల్లో ‘ఎర్ర భీభత్సం’ పేరుతో వేలమంది కుర్రాళ్లని చంపి శవాల్ని వీధుల్లో పడేసింది.

అందుకే జాతుల గోల అంతా తీసేసి అందరం ఇథియోపియన్లమే అందాం అని ఎవరైనా అంటే, అమ్హారాల నోట మామూలుగా వినిపించే ఆ మాట ఒరోమోల చెవికి పాత రోజుల బెదిరింపులా తగులుతుంది. 1991లో దెర్గ్ కూలిపోయాక ఒరోమో పిల్లలు తమ భాషలో, ‘కుబె’ అనే లాటిన్ లిపిలో చదువుకుంటూ పెరిగారు. ఒక తరం మొత్తం అలా పెద్దదైపోయింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటామంటే ఒప్పుకునేది ఎవరు? ఎందుకు ఒప్పుకోవాలి?

ఒక్క ఊరు, రెండు పాలనలు

మరి తప్పెక్కడ జరిగింది? నాకైతే మొయాలె అనే ఊరి గురించి చదివినప్పుడు ఇది బాగా అర్థమైంది. కెన్యా సరిహద్దు మీద ఉంటుంది. ఇథియోపియా వైపు మొయాలె, కెన్యా వైపు ఇంకో మొయాలె. ఇథియోపియా వైపు ఉన్నది కూడా మళ్లీ రెండు ముక్కలు, ఒక పక్క ఒరొమియా రాష్ట్ర పాలన, ఇంకో పక్క సోమాలీ రాష్ట్ర పాలన. ఒకే ఊళ్లో రెండు ఆఫీసులు, రెండు పోలీసులు. మధ్యలో జనం మాత్రం బొరానాలు, గర్రీలు, గబ్రాలు, ఇంకా ఎందరో, పశువుల్ని ఒంటెల్ని తోలుకుంటూ బావి నుంచి బావికి తిరిగేవాళ్లు. గర్రీల్లో చాలామందికి ఒరోమో మాట్లాడటం చక్కగా వచ్చు, కానీ తాము సోమాలీలమే అంటారు. గబ్రాలు మాట్లాడేది బొరానా ఒరోమో, ఒంటెల చుట్టూ అల్లుకున్న వాళ్ల బతుకు తీరు మాత్రం సోమాలీలకి దగ్గర. ఇలాంటి చోట ‘నువ్వు ఎవరివి’ అంటే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు.

అయినా చెప్పాల్సి వచ్చింది. రాజ్యాంగం 46వ అధికరణం రాష్ట్రాల హద్దుల్ని జనావాసం, భాష, గుర్తింపు, జనం సమ్మతి చూసి గీయాలంటుంది. 2004లో ఈ రెండు రాష్ట్రాల మధ్య 400కు పైగా కెబెలెల్లో, అంటే మన పంచాయతీలంత చిన్న యూనిట్లలో, మీరు ఎటు అని ఓటు పెట్టారు. పశువుల్ని కాచుకునేవాడికి ఆ ఓటు దేని గురించి? బావి గురించి. ఎండాకాలంలో నా మంద నీళ్లు తాగేది ఏ బావి దగ్గరైతే ఆ బావి రేపు ఎవరి రాష్ట్రంలో ఉంటుంది అని. అంతకుముందు కూడా బావుల దగ్గర కొట్లాటలుండేవి, చావులుండేవి, నేనేమీ పాత రోజుల్ని పొగడటం లేదు. కానీ పెద్దలు కూర్చుని ఈ ఏడాదికి మీరు తాగండి, వచ్చే కరువులో మేమొస్తాం అని తేల్చుకునే వీలుండేది. గీత గీశాక ఆ వీలు లేదు. గెలిచినవాడికి బావి ఎప్పటికీ తనదే, ఓడినవాడికి తాత తవ్విన బావి పరాయి రాష్ట్రంలో.

ఆపైన రాష్ట్రాలు సొంత బలగాలు పెంచుకున్నాయి. సోమాలీ రాష్ట్రంలో ‘లియు’ పోలీసు, తర్వాత ఒరొమియాలో, అమ్హారాలో, టిగ్రాయ్‌లో ప్రత్యేక దళాలు. పేరుకి పోలీసులే, చూడబోతే సైన్యాలు. 2017లో ఒరొమియా, సోమాలీ రాష్ట్రాల హద్దు భగ్గుమన్నప్పుడు దాదాపు 10 లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. 2018లో గెదెఓ, గుజి ప్రాంతాల్లో మళ్లీ అంతే. ఆ ఏడాది గొడవల వల్ల కొత్తగా నిరాశ్రయులైనవాళ్లు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఇథియోపియాలోనే, సుమారు 29 లక్షలు. అబీ అహ్మద్ ప్రధాని అయిన ఏడాది అది, దేశమంతా కొత్త ఆశతో ఉందని మనం పేపర్లలో చదువుకున్న ఏడాది.

యజమానులు, మిగతావాళ్లు

సుడాన్ పక్కన బెనిషాంగుల్-గుముజ్ అని ఒక రాష్ట్రం ఉంది. దాని సొంత రాజ్యాంగంలో ఇలా ఉంటుంది: రాష్ట్రంలో వేరే జాతులవాళ్లు కూడా ఉన్న సంగతి గుర్తిస్తున్నాం, కానీ రాష్ట్రానికి యజమానులైన జాతులు బెర్తా, గుముజ్, షినాషా, మావో, కోమో. ఈ అయిదు పేర్లూ అక్కడ రాసున్నాయి. ఆ రాష్ట్రంలో పుట్టి, అక్కడే పన్ను కట్టి, అక్కడి మట్టిలోనే తాతల్ని పూడ్చుకున్న అమ్హారా, ఒరోమో, అగావు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి, ఆ వాక్యంలో వాళ్ల పేరు లేదు.

అవతలి వైపు కూడా చెప్పాలి. గుముజ్‌లు చిన్న జాతి, ఒకప్పుడు ఎత్తైన ప్రాంతాల నుంచి వచ్చిన దొరలు వాళ్లని పట్టుకెళ్లి బానిసలుగా అమ్మిన చరిత్ర ఉంది. భూముల కోసం పైనుంచి జనం దిగుతూనే ఉంటే తమకి మిగిలేదేముందన్న భయం వాళ్లది, అది ఉత్త భయం కాదు. యజమానులు అన్న మాట రాసుకుంటే కాస్త ధైర్యం వస్తుందనుకున్నారు. నేను గుముజ్‌ని అయ్యుంటే నేనూ అలాగే రాయమనేవాణ్ణేమో.

కానీ ఏమైందో చూడండి. 2020 డిసెంబర్‌లో అదే రాష్ట్రం మెటెకెల్ జోన్‌లో బూలెన్ దగ్గర ఒక్క రోజులో 200 మందికి పైగా చంపేశారు, ఎక్కువమంది యజమానుల జాబితాలో లేనివాళ్లు. అంతకుముందు, ఆ తర్వాత గుముజ్‌లూ చచ్చారు. ఇల్లు ఖాళీ చెయ్యి, ఇది నీది కాదు అనే మాటకి చట్టంలోనే ఆధారం దొరికితే, తుపాకీ పట్టినవాడు తాను నేరం చేస్తున్నానని కూడా అనుకోడు.

ఇదే మెటెకెల్ జోన్‌లో గ్రాండ్ రినైసాన్స్ డ్యామ్ ఉంది. నీలి నైలు మీద 5,150 మెగావాట్ల డ్యామ్, 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. బయటి అప్పు పెద్దగా పుట్టకపోతే దేశమంతా బాండ్లు కొన్నారు, గవర్నమెంటు ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చారు. ఇథియోపియన్లు ఎవరినైనా కదిపి చూడండి, ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోసేవాళ్లు కూడా డ్యామ్ దగ్గరికొచ్చేసరికి మాది అంటారు. కాబట్టి ఈ దేశంలో ఐక్యతే లేదనేవాళ్ల మాట నేను నమ్మను. ఉంది. ఒక పని కోసం, అందరి డబ్బుతో, అందరికీ వెలుగిచ్చే దాని కోసం ఏకమయ్యారు. డ్యామ్ మాది అనగలిగిన కుటుంబం, ఆ డ్యామ్ ఉన్న జోన్‌లో తన ఇల్లు నాది అనలేకపోవడమే నా బాధ.

సరిహద్దు దాటి వెతుక్కునే ఐక్యత

ఇంట్లో తగాదాలు తీరనప్పుడు నాయకులకి బయటి సరిహద్దు మీద కన్ను పడుతుంది. ఇథియోపియాలో ఇది ఒకసారి జరిగిపోయిన కథ. 1998లో బద్మె అనే చిన్న ఊరి కోసం ఎరిట్రియాతో యుద్ధం వచ్చింది. సరిహద్దుకి రెండు పక్కలా టిగ్రాయన్ల భాష తిగ్రిన్యా మాట్లాడేవాళ్లే, రెండు ప్రభుత్వాలూ నిన్నటిదాకా ఒకే శత్రువు మీద కలిసి పోరాడినవాళ్లవే. రెండేళ్లలో పదుల వేలమంది చచ్చారు. ఆ రెండేళ్లూ ఇథియోపియాలో ఏ జాతివాడైనా సరే సైన్యంలో చేరాడు, చందాలిచ్చాడు, జెండా పట్టుకున్నాడు. అప్పుడే సుమారు 75,000 మందిని, మీ మూలం ఎరిట్రియా అని చెప్పి, పుట్టినప్పటి నుంచీ అడిస్ అబాబాలో బతికినవాళ్లతో సహా, బస్సులెక్కించి సరిహద్దు అవతల దింపేశారు. అలా వచ్చిన ఐక్యతకి ఎవరో ఒకరిని బయటికి గెంటాల్సిన అవసరం ఎప్పుడూ ఉంటుంది.

2002లో సరిహద్దు కమిషన్ బద్మె ఎరిట్రియాదే అని తేల్చింది, ఇథియోపియా 2018 దాకా కదల్లేదు. 2018లో అబీ ఆ తీర్పుని ఒప్పుకుని ఎరిట్రియా రాజధాని అస్మరా వెళ్లి అక్కడి అధ్యక్షుణ్ణి కౌగిలించుకున్నప్పుడు అందరితోపాటు నేనూ సంతోషించాను, 2019లో నోబెల్ కూడా వచ్చింది. ఆ గీత మీదే బతికే ఈరోబ్ అనే చిన్న జాతిని మాత్రం ఎవరూ అడగలేదు. తీర్పు ప్రకారం గీత వేస్తే వాళ్ల ఊళ్లు కొన్ని అటూ కొన్ని ఇటూ అయిపోతాయి. 2020లో టిగ్రాయ్ యుద్ధం మొదలయ్యాక ఎరిట్రియా సైన్యమే వాళ్ల ఇళ్ల మీదికొచ్చింది. ఇప్పుడు 2023 అక్టోబర్ నుంచి మళ్లీ ఎర్ర సముద్రం మాట. పది కోట్లు దాటిన జనానికి రేవు కావాలనడం న్యాయమైన కోరికే, బేరమాడి తెచ్చుకోవచ్చు. కానీ ఎరిట్రియా రేవు అస్సబ్ పేరెత్తి రక్తం ఉడికించే మాటలు వింటుంటే నాకు 1998 గుర్తొస్తుంది. టెన్షన్ పెరిగితే ముందు తగలబడేది మళ్లీ టిగ్రాయే, ఒక యుద్ధం నుంచి ఇంకా లేవనే లేదు.

మనతో పోలిక ఎంతవరకు

భాషా రాష్ట్రాలే తప్పయితే మనం ఎప్పుడో చెల్లాచెదురు కావాలి. 1953లో ఆంధ్ర, 1956లో దేశమంతా, మళ్లీ 2014లో తెలంగాణ. ఒకే భాషవాళ్లు రెండు రాష్ట్రాలయ్యారు. విడిపోయినప్పుడు జరిగిన తీరు మీద రెండు వైపులా కోపాలున్నాయి, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లు వద్దన్నా పార్లమెంటు పాస్ చేసింది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం మన రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల్ని అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తెలంగాణలో బంద్‌లు జరిగాయి, భద్రాచలం పక్కన అయిదు ఊళ్లవాళ్లు మమ్మల్ని వెనక్కి పంపండని ఇప్పటికీ అడుగుతున్నారు. నాకు వాళ్ల మీద సానుభూతి ఉంది. కానీ ఆ మండలాల కోసం తెలంగాణ పోలీసులు, ఆంధ్రా పోలీసులు కందకాలు తవ్వుకుని కూర్చోలేదు, ఏ కుటుంబమూ నువ్వు ఆ రాష్ట్రంవాడివి ఇల్లు వదిలిపో అనిపించుకోలేదు. హైదరాబాద్‌లో ‘సెటిలర్’ అన్న మాట వినపడినప్పుడు, 2014 ఆగస్టులో ఇంటింటి సర్వే జరిగినప్పుడు కొందరు భయపడిన మాట నిజం. ఆ భయం వెనక నిలబడే చట్టం మాత్రం లేదు, ఓటు పోలేదు, రిజిస్ట్రేషన్ కాగితం చెల్లకుండా పోలేదు.

ఇక్కడ నన్ను నిలదీసేవాళ్లు ఉంటారు. 2021 జులైలో అస్సాం, మిజోరం హద్దు మీద పోలీసులు పోలీసుల్నే కాల్చలేదా? కాల్చారు, అస్సాం పోలీసులు చచ్చారు. మనకి అసలు రోగమే లేదని నేననను. ఇంకో గట్టి ప్రశ్న ఉంది: మన కేంద్రాన్ని ఎంత తిట్టుకున్నా అది ఒక్క భాషవాళ్ల సొత్తని ఎవరూ అనలేదు, ఇథియోపియాలో కేంద్రం ఎప్పుడు తటస్థంగా ఉంది గనక? 1991 నుంచి 2018 దాకా అది టిగ్రాయ్ పార్టీ చేతిలో ఉందని మిగతావాళ్లు నమ్మారు, ఇప్పుడు ఒరోమోల చేతికెళ్లిందని అమ్హారాలు నమ్ముతున్నారు. ఒరొమియాలో అదే ప్రభుత్వం మీద ఒరోమో తిరుగుబాటుదార్లే పోరాడుతున్నారనుకోండి, అది వేరే సంగతి. అలాంటి కేంద్రానికి 3వ అధికరణం లాంటిది ఇస్తే మర్నాడే యుద్ధం. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాల ప్రత్యేక దళాల్ని రద్దు చేస్తామని ప్రకటించారు. నేను పైన చెప్పినదాని ప్రకారం అది మంచి పనే కావాలి. కానీ హద్దుల తగాదా తేల్చకుండా ముందు తుపాకులు లాక్కుంటే, మమ్మల్ని కట్టిపడేసి భూమి అవతలివాడికి ఇచ్చేస్తారని అమ్హారాలు అనుకున్నారు, ఆగస్టుకల్లా ఫానో అనే అమ్హారా సాయుధ దళాలతో యుద్ధం అమ్హారా అంతటా పాకింది. మంచి పని కూడా వరస తప్పితే ఇంతే.

హుమెరా ఎవరిది

ఆ తగాదాల్లో పెద్దది తెకెజె నదికి పడమటి వైపున్న నేల, వొల్కాయిత్, హుమెరా. తెల్ల నువ్వులకి పేరు పడ్డ ప్రాంతం, పక్కనే సుడాన్. విశాఖలో రీసెర్చ్ చేయడానికి ఏళ్ల తరబడి ఇథియోపియా నుంచి విద్యార్థులు వస్తున్నారు. వాళ్లలో ఇద్దరు నాకు బాగా పరిచయం, ఒకరు టిగ్రాయ్‌లోని షిరె వైపు మనిషి, ఇంకొకరు అమ్హారాలోని గోందర్ మనిషి. ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవారు, ఒకే పళ్లెంలో తినేవారు. 2020 నవంబర్‌లో టిగ్రాయ్‌కి ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. షిరె కుర్రాడు నెలల తరబడి వాళ్లమ్మ నంబరుకి రోజూ ఫోన్ చేసేవాడు, రింగయ్యేది కాదు. గోందర్ కుర్రాడు పక్కన కూర్చునేవాడు, ఏమనాలో తెలియక టీ పెట్టేవాడు.

ఒక సాయంత్రం మాట హుమెరా మీదికొచ్చింది. గోందర్ కుర్రాడు, మా తాత పన్ను కట్టింది గోందర్‌కే, 1991 దాకా అది మా ప్రావిన్సే, తుపాకీతో తీసుకున్నారు అన్నాడు. ఇతను, అక్కడ మాట్లాడేది తిగ్రిన్యా, మా పెదనాన్న పొలం అక్కడే, ఇప్పుడు తుపాకీతో తీసుకున్నది మీరే అన్నాడు. ఇద్దరూ చెప్పిందీ నిజమే. గొంతులు లేవలేదు. కానీ ఆ తర్వాత నేను చూసినంతలో వాళ్లు ఒకే పళ్లెంలో తినలేదు, కొన్నాళ్లకి షిరె కుర్రాడు వేరే గది చూసుకున్నాడు.

ఆ నేల మీద ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు. 2020 నవంబర్‌లో మాయ్ కద్రాలో వందలాది అమ్హారా కూలీల్ని, కుటుంబాల్ని నరికి చంపారు. ఆ తర్వాత నెలల్లో అమ్హారా బలగాలు లక్షలాది టిగ్రాయన్లని అక్కడినుంచి తరిమేశాయి, కొందరు తెకెజె దాటి లోపలికి, కొందరు సుడాన్‌కి. టిగ్రాయ్ యుద్ధాన్ని ఆపిన 2022 నవంబర్ ప్రిటోరియా ఒప్పందం వివాదాస్పద ప్రాంతాల్ని రాజ్యాంగం ప్రకారం తేలుస్తామంది. రాజ్యాంగం 48వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు ఒప్పందానికి రాకపోతే పార్లమెంటు పై సభ అయిన ఫెడరేషన్ సభ రెండేళ్లలో తేల్చాలి. రెండేళ్లు దాటిపోయాయి, జనం ఇంకా టెంట్లలో, బడి గదుల్లో పడుకుంటున్నారు.

రెఫరెండం పెడదామన్న మాట కేంద్రం నుంచి వస్తూనే ఉంది. 2019లో సిదామాలో పెట్టారు, 98 శాతానికి పైగా సొంత రాష్ట్రానికి ఓటేశారు, తర్వాత పాత దక్షిణ రాష్ట్రం ముక్కలై మొత్తం రాష్ట్రాలు 12 అయ్యాయి. కానీ సిదామాలో ఓటేసినవాళ్లు సొంత ఇళ్ల నుంచి నడిచొచ్చి వేశారు. హుమెరాలో ఈరోజు ఓటు పెడితే వేసేదెవరు? ఉన్నవాళ్లు వేస్తే తరిమినవాడిదే గెలుపు. 1991కి ముందున్నవాళ్లే వెయ్యాలంటే ముప్పై ఏళ్ల క్రితం అక్కడ పుట్టిన పిల్లకి ఓటు లేదు. నా మటుకు నాకు వరస ఇలా ఉండాలి: ముందు తరిమిన ప్రతి కుటుంబమూ వెనక్కి రావాలి, 2020 తర్వాత పొలాలు ఆక్రమించినవాళ్లు వదలాలి, మాయ్ కద్రా కూలీల కుటుంబాలకి న్యాయం అందాలి, కాపలాకి అమ్హారా బలగాలూ టిగ్రాయ్ బలగాలూ కాకుండా బయటి ఆఫ్రికన్ యూనియన్ మనుషులు ఉండాలి. ఓటు ఆ తర్వాత. ఆ ఓటు కన్నా ముందు ఇంకో కాగితం మీద రెండు రాష్ట్రాలూ సంతకం పెట్టాలి, హుమెరా ఎటు పోయినా అక్కడున్న తిగ్రిన్యా పిల్లకీ అమ్హారిక్ పిల్లకీ సొంత భాషలో బడి, పొలం మీద హక్కు, ఊరి కౌన్సిల్‌లో ఓటు పోవని. ఈ సంతకం లేకుండా రెఫరెండం పెడితే ఓడినవాళ్లు ఫలితం వచ్చిన రాత్రే మూటలు సర్దుకోవాల్సి వస్తుంది.